బీగంచెవి ఎవరి తావ ఉండె?



నేను తమిళనాడులో హోసూరు పక్కనున్న డెంకణికోటవాణ్ణి. బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. శనివారం సాయంత్రం మా వీధి పిల్లలు మా ఇంటి అరుగు మీద చేరతారు, కథ చెప్పమంటారు. బేటరాయస్వామి తేరు నాటి ముచ్చట్లు, తళి అడవిలోంచి రాగిచేల మీదికి దిగే ఏనుగుల సంగతులు, మా అవ్వ నాకు చెప్పిన కథలు, ఏవి గుర్తుకొస్తే అవి చెబుతుంటాను. 2023 అక్టోబరులో ఒక శనివారం మాత్రం నాకు నోరు పెగల్లేదు. ఆ ముందు శనివారమే, అంటే అక్టోబరు 7న, అత్తిబెలెలో టపాకాయల గోదాము కాలిపోయింది.

అత్తిబెలె మనకు దూరం ఊరు కాదు. హోసూరు దాటి, జూజువాడి దాటి, రాష్ట్రం గీత దాటితే అదే. హోసూరు నుంచి బెంగళూరు పోయే బస్సులు ఆ ఊరి మీదుగానే పోతాయి. ఆ మధ్యాహ్నం లారీలోంచి సరుకు దింపుతుండగా నిప్పు అంటుకుంది. ఆ రోజే 14 మంది పోయారు. ఆసుపత్రిలో చేరినవాళ్ళలో మరికొందరు తరవాతి రోజుల్లో పోయారు. అందులో చాలామంది మన పక్కనున్న ధర్మపురి జిల్లా నుంచి, కళ్ళకురిచ్చి వైపు నుంచి, దీపావళి ముందు నాలుగు వారాలు పని చేసుకుని డబ్బులు తెచ్చుకుందామని వచ్చిన కుర్రవాళ్ళు. కాలేజీలో చదువుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఫీజు కట్టుకోవడానికో, పండక్కి ఇంట్లో వాళ్ళకు బట్టలు కొనడానికో వచ్చిన పిల్లలు.

మా పిల్లలు అదంతా టీవీలో చూసి వచ్చారు. ఒకడు అడిగాడు: "వాళ్ళు బయటికి ఎందుకు రాలేకపోయిరి సార్?" నా దగ్గర జవాబు లేదు. ఆ వేళ ఏదో చెప్పి పంపేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లల పుస్తకాలన్నీ వెతుక్కున్నాను. నిప్పులో చిక్కుకున్న పనివాళ్ళ గురించి, పిల్లలకు అర్థమయ్యేలా, అబద్ధం లేకుండా చెప్పిన కథ ఎక్కడైనా ఉందా అని. ఉంది. అది ఇక్కడిది కాదు, న్యూయార్క్‌ది. తరవాతి వారం ఆ కథే చెప్పాను. ఈ పూట మీకూ అదే చెప్పి, ఆ పైన నా మనసులో ఉన్న మాట ఒకటి చెప్పుకుంటాను.

న్యూయార్క్‌లో వాషింగ్టన్ ప్లేస్ అని ఒక వీధి ఉంది. ఆ వీధి మూలన పది అంతస్తుల మేడ. అందులో పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ కంపెనీ అని ఆడవాళ్ళు తొడుక్కునే జాకెట్లు కుట్టే కంపెనీ ఉండేది. మిషన్ల ముందు కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. పదహారు, పద్దెనిమిది, ఇరవై ఏళ్ళవాళ్ళు. ఇటలీ నుంచి ఓడలో వచ్చినవాళ్ళు కొందరు, రష్యా వైపు నుంచి వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు కొందరు. ఒకరి భాష ఒకరికి రాదు. 1911 మార్చి 25, అదీ శనివారమే. సాయంత్రం నాలుగు ముప్పావుకు పని విడిచే గంట. గంటకు అయిదు నిమిషాల ముందు, ఎనిమిదో అంతస్తులో, గుడ్డ కత్తిరించే బల్ల కింద ముక్కలు వేసే పెట్టెలో నిప్పు రాజుకుంది.

ఎనిమిదో అంతస్తువాళ్ళు పదో అంతస్తుకు ఫోన్ చేసి చెప్పారు. పదో అంతస్తులో ఆఫీసు, యజమానులు. వాళ్ళు మేడ కప్పు మీదికెక్కి, పక్క యూనివర్సిటీ భవనంలోని విద్యార్థులు దింపిన నిచ్చెనల మీదుగా బయటపడ్డారు. నడుమ ఉన్న తొమ్మిదో అంతస్తుకు కబురు ఎవరూ పంపలేదు. అక్కడ రెండున్నర వందల మంది దాకా ఉన్నారు. నిప్పు లోపలికి వచ్చాకే వాళ్ళకు తెలిసింది.

తొమ్మిదో అంతస్తుకు రెండు వైపులా మెట్లున్నాయి. ఒక వైపు మెట్లను కాసేపట్లోనే మంటలు కమ్మాయి. రెండో వైపు తలుపుకు తాళం. గోడ బయట ఇనప మెట్లు ఉండేవి, అవి జనం బరువుకు వంగి విరిగి పడ్డాయి. లిఫ్టు నడిపే ఇద్దరు మనుషులు, జోసెఫ్ జీటో, గాస్పర్ మోర్టిలాలో, పైన మంట కిందికి దిగుతుంటే కూడా మళ్ళీ మళ్ళీ పైకి పోయి వీలైనంతమందిని దింపారు. తరవాత లిఫ్టు కదల్లేదు. నిప్పార్పేవాళ్ళు బళ్ళు తోలుకొచ్చి నిచ్చెన ఎత్తారు. అది ఆరో అంతస్తు దాకానే అందింది. పిల్లలు కిటికీల్లోంచి దూకారు. అంతా కలిపి పద్దెనిమిది నిమిషాలు. 146 మంది పోయారు. అందులో 123 మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు. అందరికన్నా చిన్నవాళ్ళకు పద్నాలుగేళ్ళు.

ఇక్కడ ఆగాను. మా అరుగు మీద ఎప్పుడూ వెనక కూర్చునే ఒక పిల్ల ఉంది, ఏడో తరగతి. వాళ్ళక్క తెల్లవారుజామున కంపెనీ బండి ఎక్కి మొదటి షిఫ్టుకు పోతుంది. ఆ పిల్ల అడిగింది: "ఆ బీగంచెవి ఎవరి తావ ఉండె సార్?"

తాళం ఎందుకు వేశారని నేనే చెప్పబోతున్నాను. ఆ పిల్ల అంతకన్నా ముందుకు పోయి, చెవి ఎవరి దగ్గర ఉండిందని అడిగింది. న్యూయార్క్ కోర్టులో మూడు వారాలపాటు సాగిన విచారణ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని ఆ పిల్లకు తెలియదు.

తాళం ఎందుకంటే, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు పిల్లలంతా ఒకే తలుపులోంచి పోవాలి, ఆ తలుపు దగ్గర ఒకడు నిలబడి వాళ్ళ సంచులు వెతుకుతాడు. జాకెట్టో, గుడ్డముక్కో దాచుకుపోతారని అనుమానం. అలా పోయిన సరుకు విలువ ఎంత అని కోర్టులో అడిగితే, పాతిక డాలర్లకు మించదని యజమానుల్లో ఒకడైన ఐజాక్ హ్యారిస్ తన నోటితో ఒప్పుకున్నాడు. పని జరుగుతుండగా తలుపుకు తాళం వేయకూడదని న్యూయార్క్ చట్టంలో అప్పటికే రాసి ఉంది. కాలిన శిథిలాల్లోంచి ఆ తాళాన్ని వెతికి తీసుకొచ్చి కోర్టులో పెట్టారు. గడియ బయటికి పొడుచుకుని, వేసింది వేసినట్టే ఉంది. అయినా యజమానులకు ఆ క్షణాన తలుపుకు తాళం వేసి ఉందని తెలుసా లేదా అన్నది తేలాలన్నారు.

ఈ విచారణలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది కేట్ ఆల్టర్‌మన్ అనే అమ్మాయి సాక్ష్యం. ఆమె మంటల్లోంచి బయటపడింది. తన స్నేహితురాలు మార్గరెట్ ష్వార్ట్జ్ ఆ తలుపు దగ్గర ఎలా పోయిందో కళ్ళారా చూసింది. కోర్టులో అదంతా చెప్పింది. యజమానుల తరఫు వకీలు మాక్స్ స్ట్యూయర్ గొప్ప తెలివైనవాడు. ఆమె మీద అరవలేదు, బెదిరించలేదు. "మళ్ళీ ఒకసారి చెప్పమ్మా" అన్నాడు. చెప్పింది. మరోసారి చెప్పమన్నాడు. చెప్పింది. ప్రతిసారీ దాదాపు అవే మాటలు. అప్పుడు జూరీకి అనుమానం నాటాడు: ఈ పిల్ల చూసింది చెప్పడం లేదు, ఎవరో నేర్పింది అప్పజెబుతోంది అని. 1911 డిసెంబరు 27న జూరీ రెండు గంటలు కూడా తీసుకోకుండా యజమానులు నిర్దోషులని తేల్చేసింది.

దీని మీద చాలా రోజులు ఆలోచించాను. మా అవ్వకు చదువు రాదు. మశూచి వచ్చి వాళ్ళ చెల్లెలు పోయిన సంగతి నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట మారేది కాదు. "ఆ పొద్దు చద్దిముద్ద తినలేదు" అన్న దగ్గర మొదలయ్యేది, "గుంత మీద తులసి పెట్టినాము" అన్న దగ్గర ఆగేది. నడుమ ఒక్క మాట తప్పినా మళ్ళీ వెనక్కిపోయి సరిచేసుకునేది. అది ఎవరో నేర్పిన పాఠం కాదు. దుఃఖం అలా ఒకే వరసలో మనిషి లోపల నిలిచిపోతుంది. ఆ వరసలో తప్ప ఇంకోలా చెప్పడం వాళ్ళకు చేతకాదు. కొత్త దేశంలో, కొత్త భాషలో నిలబడి, చచ్చిపోయిన స్నేహితురాలి గురించి చెబుతున్న ఆ అమ్మాయి కూడా అలాగే చెప్పి ఉంటుంది. ఆ జూరీలో మన పల్లెల్లో అవ్వల దగ్గర కథలు విని పెరిగినవాడు ఒక్కడున్నా ఆమెను నమ్మేవాడని నా మనసు చెబుతుంది.

ఆ తరవాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1913లో యజమానుల్లో రెండోవాడు మాక్స్ బ్లాంక్ మరో ఫ్యాక్టరీలో పని జరుగుతుండగానే తలుపుకు తాళం వేయించి దొరికాడు. జరిమానా ఇరవై డాలర్లు. 1914లో చనిపోయినవాళ్ళలో కొందరి ఇళ్ళకు నష్టపరిహారం ఇచ్చారు, మనిషికి 75 డాలర్లు. కానీ ఆ రోజు వీధిలో నిలబడి పిల్లలు దూకడం చూసినవాళ్ళలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అనే యువతి ఉంది. న్యూయార్క్ రాష్ట్రం ఫ్యాక్టరీలను తనిఖీ చేయడానికి వేసిన సంఘంలో ఆమె పని చేసింది. కొత్త చట్టాలు ఎన్నో వచ్చాయి. 1933లో అమెరికా కార్మిక శాఖ మంత్రి అయింది, ఆ దేశంలో మంత్రి పదవి చేపట్టిన మొదటి ఆడమనిషి ఆమె.

ఇప్పుడు పుస్తకాల దగ్గరికి వస్తాను.

ఈ ఒక్క నిప్పు మీద ఇంగ్లీషులో పిల్లల కోసం, పడుచువాళ్ళ కోసం ఎన్నో నవలలు వచ్చాయి. అందులో మూడు చెబుతాను. 2002లో మేరీ జేన్ ఆక్ రాసిన 'యాషెస్ ఆఫ్ రోజెస్'లో ఐర్లండ్ నుంచి వచ్చిన పదహారేళ్ళ రోజ్ నోలన్ కథ. ఓడ దిగిన చోటే తమ్ముడి కంటి జబ్బు చూసి వెనక్కి పంపేస్తారు, కుటుంబం చీలిపోతుంది, రోజ్ చెల్లెలితో కలిసి కొత్త నగరంలో మిగిలిపోతుంది. 2007లో మార్గరెట్ పీటర్సన్ హాడిక్స్ రాసిన 'అప్‌రైజింగ్'లో ముగ్గురు అమ్మాయిలు. ఇటలీ పల్లె నుంచి వచ్చిన బెల్లా, రష్యా నుంచి వచ్చి సమ్మెలో ముందు నిలబడ్డ యెట్టా, డబ్బున్నవాళ్ళ ఇంటిపిల్ల జేన్. 2010లో ఎస్తర్ ఫ్రీస్నర్ రాసిన 'థ్రెడ్స్ అండ్ ఫ్లేమ్స్'లో పోలెండ్ నుంచి వచ్చిన రైసా.

ఈ మూడు కథలకూ ఒక పోలిక ఉంది. నిప్పు పుస్తకం చివరికి గానీ రాదు. అంతకుముందు వందల పేజీలు మామూలు బతుకే. మొదటి సంబళం చేతికందడం, అందులోంచి ఇంటికి పంపడం, అద్దెగదిలో నలుగురు ఒక మంచం మీద పడుకోవడం, కొత్త టోపీ కొనుక్కోవాలని మనసు పడటం, పక్క మిషను అమ్మాయితో మాట కలవక సైగలతో స్నేహం చేసుకోవడం. హాడిక్స్ నవలలో 1909 నాటి పెద్ద సమ్మె కూడా వస్తుంది. ఇరవై వేల మంది కుట్టుపని అమ్మాయిలు పని మానేసి వీధుల్లో నిలబడ్డ సమ్మె అది. ఆ పిల్లలు చలిలో నిలబడి దెబ్బలు తిన్న నెలలన్నీ చదివాక, తాళం వేసిన తలుపు దగ్గరికి వచ్చేసరికి చదివే పిల్లకు ఆ బెల్లా, ఆ యెట్టా తన క్లాసులోని అమ్మాయిలైపోతారు. 146 అన్న అంకె అప్పుడు ఒక్కొక్క మనిషిగా విడిపోతుంది.

హాడిక్స్ కథ చెప్పించిన తీరు నాకు చాలా నచ్చింది. నిప్పు జరిగిన పదహారేళ్ళకు, 1927లో, ఫ్యాక్టరీ యజమాని కూతురు హారియెట్ ప్రాణాలతో మిగిలిన ఒక మనిషిని వెతుక్కుంటూ వస్తుంది, మా నాన్న ఏం చేశాడో నాకు చెప్పమని అడుగుతుంది. చెప్పేది ముగ్గురిలో ఎవరో చదివినవాళ్ళకు చివర గానీ తెలియదు. తప్పు చేసినవాడి బిడ్డకు కూడా తెలుసుకునే హక్కు ఉందని రచయిత్రి నమ్మింది. పిల్లల పుస్తకంలో ఇంత పెద్ద మాట పెట్టడానికి ధైర్యం కావాలి.

పిల్లలకు ఇలాంటివి చెప్పవచ్చా అని మా ఇంట్లోనూ అడిగారు. అడగవలసిన ప్రశ్నే. నేను చెప్పేది ఇది: డెంకణికోటలో, కెలమంగలంలో, రాయకోటలో పుట్టిన పిల్లలకు ఫ్యాక్టరీ అంటే దూరపు సంగతి కాదు. హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చి యాభై ఏళ్ళు దాటింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ పేర్లు మా పిల్లలకు పెద్దబాలశిక్ష కన్నా ముందు తెలుసు. తండ్రులు టమాటా, రాగి పండించే ఇళ్ళల్లో అక్కలు సర్క్యూట్ బోర్డులు అతికిస్తున్నారు. పద్దెనిమిది నిండిన మర్నాడే ఈ పిల్లలు కూడా అదే బండి ఎక్కుతారు. టీవీ వాళ్ళకు మంటను చూపించింది, ఏడుస్తున్న తల్లిని చూపించింది. మంటకు ముందు ఏం జరిగిందో, తలుపు ఎందుకు తెరుచుకోలేదో చూపించలేదు. అది చెప్పగలిగేది కథే.

మన తెలుగులో చరిత్ర నవలలకు కొదవ లేదు. అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి గారి 'రుద్రమదేవి', తెన్నేటి సూరి గారి 'చంఘిజ్ ఖాన్' చదివి పెరిగిన తరం మాది. ఆ పుస్తకాలు నాకు ప్రాణం. కానీ అందులో కోటలున్నాయి, కత్తులున్నాయి, రాణులున్నారు. ఆ రాణి కట్టుకున్న చీర నేసినవాడి ఇల్లు ఏ రాత్రి కాలిందో ఎవరూ రాయలేదు. పిల్లల కోసం అసలే రాయలేదు. చరిత్ర అంటే పెద్దవాళ్ళదే అని మనం పిల్లలకు నేర్పేశాం.

మన తెలుగువాళ్ళు కట్టుబట్టలతో దక్షిణానికి నడిచి వచ్చిన కథ మాత్రం ఒకాయన గొప్పగా రాశారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగిన కి. రాజనారాయణన్ గారు. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం'లో మంగత్తాయారు అనే ముసలమ్మ తమ వాళ్ళు ఎందుకు ఊరు విడిచారో, ఏ నది ఎలా దాటారో చెబుతుంది. ఆ నవల తమిళంలో ఉంది. మన వలస కథ మన భాషలో కాకుండా తమిళంలో నిలిచింది. ఇందులో ఎవరినీ తప్పు పట్టను. ఆయన రాయకపోతే ఆ ముసలమ్మ మాటలు ఏ భాషలోనూ మిగిలేవి కావు. నిప్పుల కథల విషయంలో అయినా మనం ఆలస్యం చేయకూడదని మాత్రం అంటాను.

ఎందుకంటే కథలు ఎన్నో మన చుట్టూ ఉన్నాయి. 2023 జూలై 29న మన కృష్ణగిరి పాతపేటలోనే టపాకాయల గోదాము పేలింది. తొమ్మిది మంది పోయారు. చుట్టుపక్కల ఇళ్ళు, పక్కనున్న హోటలు కూలిపోయాయి. ఆ హోటల్లో ఆ పొద్దు టిఫిను తినడానికి కూర్చున్నవాళ్ళకు ఆ గోదాముతో ఏ సంబంధమూ లేదు. 2012 సెప్టెంబరు 5న శివకాశి పక్కన ముదలిపట్టిలో టపాకాయల ఫ్యాక్టరీ పేలినప్పుడు దాదాపు నలభై మంది పోయారు. పొగ చూసి, చిక్కుకున్నవాళ్ళను లాగుదామని పరుగెత్తినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. సికింద్రాబాదు భోయిగూడలో 2022 మార్చి 23 తెల్లవారుజామున తుక్కు గోదాములో నిప్పు లేచింది. పైన పడుకుని ఉన్నది పన్నెండు మంది బీహారు కూలీలు. కిటికీలోంచి దూకిన ఒక్కడు బతికాడు, పదకొండు మంది అక్కడే పోయారు. న్యూయార్క్ నిప్పుకు నూటపదకొండేళ్ళు నిండడానికి రెండు రోజుల ముందు.

చట్టం లేక కాదు. 1948లో మనం చేసుకున్న ఫ్యాక్టరీల చట్టంలో 38వ సెక్షను నిప్పు గురించే ఉండేది. లోపల మనుషులు ఉండగా బయటికి పోయే తలుపుకు గడియ పడకూడదనీ, తలుపు బయటి వైపుకు తెరుచుకోవాలనీ ఆనాడే అందులో రాసుకున్నాం. బయటికే ఎందుకంటే, భయపడ్డ జనం ఒక్కసారిగా తలుపు మీద పడితే లోపలికి తెరుచుకునే తలుపు తెరవడం ఎవరి వల్లా కాదు. ఇది మా పిల్లలకు చెప్పినప్పుడు ఇద్దరు లేచిపోయి మా ఇంటి వీధి తలుపు తోసి చూశారు. లోపలికి తెరుచుకుంది. మొహమొహాలు చూసుకున్నారు.

ఎవరైనా ఇలాంటి కథ రాయదలుచుకుంటే నాకు తెలిసినంతలో రెండు మాటలు చెబుతాను. నిజంగా పోయినవాళ్ళ పేర్లు, వాళ్ళ ఇంటి గుట్లు కథలో వాడుకోవద్దు. వాళ్ళ తల్లులు ఇంకా బతికే ఉన్నారు. పిల్లను మీరు సృష్టించుకోండి, నిప్పును మాత్రం ఉన్నదున్నట్టు రాయండి. ఏ తేదీ, ఏ వేళ, ఎన్ని తలుపులు, సరుకు ఎక్కడ పేర్చారు అన్నది ఒక్కటి కూడా మార్చవద్దు. రెండోది, చివర్లో ఎవరో వీరుడు వచ్చి అందరినీ కాపాడేశాడని రాయవద్దు. పిల్లలు పోయిన నిజాన్ని దాచిపెట్టిన కథ పిల్లలకు మేలు చేయదు. లిఫ్టు నడిపిన ఆ ఇద్దరిలాగా చేతనైనంత చేసినవాళ్ళ సంగతి రాయండి. ఎంతమందిని తేగలిగారో, ఏ గడియన ఇక తేలేకపోయారో అదీ రాయండి.

ఇంకొకటి, మన భాష సంగతి. 2006లో వచ్చిన చట్టంతో ఈ రాష్ట్రంలో బళ్ళన్నిటిలో మొదటి భాషగా తమిళం చదవాలి. మా వైపు పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చాలామందికి తెలుగు అక్షరం కూడబలుక్కోవడం కూడా రాదు. పుస్తకం అచ్చువేసి బీరువాలో పెడితే వాళ్ళకు అందదు. చెవికి అందుతుంది. అందుకే ఈ మాట రేడియోలో చెప్పాలనుకున్నాను. రాయగలిగినవాళ్ళు మన మాటలో రాయాలి. బీగం అనే రాయాలి, తావ అనే రాయాలి, సంబళం అనే రాయాలి. రాసింది అరుగు మీద గొంతెత్తి చదవాలి. వినే పిల్లల్లో తమిళ పిల్ల ఉంటే తమిళంలో, కన్నడ పిల్ల ఉంటే కన్నడలో చెప్పాలి. కంపెనీ హాస్టళ్ళలో ఇప్పుడు జార్ఖండ్ పిల్లలు, ఒడిశా పిల్లలు కూడా ఉన్నారు. తొమ్మిదో అంతస్తులో ఇటలీ పిల్ల అరుపు పక్కనున్న యూదు పిల్లకు అర్థం కాకపోయి ఉండవచ్చు. మన షెడ్డుల్లో అలా జరగకూడదు. "బయటికి పోదాం పట్టు" అన్న మాట అయినా అందరికీ అన్ని భాషల్లో తెలిసి ఉండాలి.

మంచి జరిగింది కూడా చెప్పాలి కదా. 2024 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నాగమంగలం దగ్గర టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో నిప్పు అంటుకుంది. పొగ ఆకాశమంతా కమ్మింది. లోపల మొదటి షిఫ్టువాళ్ళు ఉన్నారు. అందరినీ బయటికి తెచ్చేశారు. పొగ మింగి ఊపిరాడని కొందరిని ఆసుపత్రికి తీసుకుపోయారు, ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. ఆ వేళ డెంకణికోటలో ఎన్ని ఇళ్ళల్లో తల్లులు ఫోను చెవికి పెట్టుకుని వాకిట్లో నిలబడ్డారో నేను చూశాను. అటునుంచి "నేను బాగుండాను మా" అన్న మాట వినబడగానే మెట్టు మీదే కూర్చుండిపోయిన ఒక తల్లినీ చూశాను. ఆ పొద్దు కూడా ఒక కథే. అదీ రాయాలి.

న్యూయార్క్‌లో 2004 నుంచి ప్రతి మార్చి 25న ఒక పని చేస్తారు. సుద్దముక్కలు పట్టుకుని ఊరంతా తిరుగుతారు. ట్రయాంగిల్‌లో పోయిన ఒక్కొక్కరు ఏ ఇంట్లో ఉండేవాళ్ళో, ఆ ఇంటి ముందు దారి మీద వాళ్ళ పేరు, వయసు రాస్తారు. మన వాకిట్లో ముగ్గు వేసినట్టే. వానకు, జనం కాళ్ళకు చెరిగిపోతుంది. మరుసటి ఏడు మళ్ళీ రాస్తారు. గుర్తుపట్టలేక ఒకచోట పూడ్చిన ఆరుగురి పేర్లు కూడా నూరేళ్ళకు, 2011లో, మైకేల్ హర్ష్ అనే పరిశోధకుడు పాత కాగితాలు గాలించి కనిపెట్టాడు. ఆ మేడ ముందు రాతిలో, ఉక్కులో వాళ్ళందరి పేర్లతో స్మారకం తెరిచింది 2023 అక్టోబరు 11న. అత్తిబెలె గోదాము కాలిన నాలుగో రోజు అది.

ఈ మాటలు వింటున్న పిల్లలకు ఒక పని చెబుతాను. ఈ రాత్రి మీ అక్కో, అన్నో, నాయనో, అమ్మో పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముద్ద తినడానికి కూర్చున్నాక పక్కన చేరండి. నువ్వు పని చేసే గదికి తలుపులెన్ని అని అడగండి. ఏ పక్కకు తెరుచుకుంటాయి, వాటి ముందు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయా, బీగం ఉంటే చెవి ఎవరి తావ ఉంటుంది అని అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే, ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ అక్షరాల్లో రాయండి, కన్నడ అక్షరాల్లో రాయండి. పైన తేదీ వేయడం మరిచిపోవద్దు.